ఎద్దు చాటు నడక

మొన్న మధ్యాహ్నం అన్నాలయినాక నడుం వాలుస్తా ఉంటే మా మనవడు ఫోను తెచ్చి నా మొహం ముందర పెట్టినాడు. "అమ్మమ్మా, ఇది మీ అవ్వోళ్ళ బీడు కాదా చూడు. అమ్మకానికి పెట్టినారు" అన్నాడు.

కళ్ళజోడు తగిలించుకుని చూసినాను. పక్షి ఎగిరిపోతా చూసినట్టు పైన నుంచి తీసినారు. పచ్చటి నేల, మధ్యలో తాటిచెట్లు, ఒక పక్క సరుగుడు తోపు, దాని అవతల సముద్రం నురగ. ఎవరో మగమనిషి గొంతు చెప్తా ఉంది. గొడ్లు మేపుకోను మంచి భూమి, చుట్టూ కంచె, తీపి నీళ్ళ బావి, పొద్దున్నే లేస్తే జింకలు కూడా కనబడతాయి అని.

ఉప్పు కాలువ వంపు చూసి గుర్తుపట్టినాను. ఇదేరా అని చెప్పినాను. అయినా గుర్తుపట్టను కొంచెం సేపు పట్టింది. ఆ నేలని నేను పైన నుంచి ఎప్పుడు చూసినాను గనక. నేను బాగా చూసింది ఎద్దు పొట్ట కింద నుంచి.

"ఎద్దు పొట్ట కింద నీకేం పని అమ్మమ్మా" అని వాడు నవ్వినాడు. వాడికి చెప్పలేదు. చెప్తే మొత్తం చెప్పాల, వాడికి అంత తీరికెక్కడిది. మీకు చెప్తాను.

నాకు మూడో తరగతి అయిపోయింది. దాంతోనే చదువూ అయిపోయింది, అది వేరే సంగతి. ఆ ఎండాకాలం మా ఇంట్లో చెల్లెలికి అమ్మవారు పోసింది. నాకూ అంటుకుంటాదని మా నాయన నన్ను బండెక్కించి మా అమ్మ పుట్టింటికి పంపించినాడు. మాది బుచ్చిరెడ్డిపాలెం వైపు. ఎటు చూసినా వరి కయ్యలు, కాలువ నీళ్ళు, మనుషుల అలికిడి. అవ్వోళ్ళది చిట్టమూరు అవతల, సముద్రం పక్క. ఆడ ఊరు కూడా లేదు. ఊరికి రెండు మైళ్ళ దూరాన ఒంటిగా ఒక తాటాకు ఇల్లు. ఇంటి చుట్టూ తాటి మట్టల దడి, దడికి ఒకటే తడిక తలుపు. తడిక దాటితే ఇంక బీడే. ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి రావాలంటే ఒక పూట పడతాది. గరిక, బలుసు పొదలు, కలివి పొదలు, అక్కడక్కడ తాటిచెట్లు. సముద్రం కనబడదు గానీ దాని హోరు వినబడతానే ఉంటాది. పగలంతా ఎవరో పక్క గదిలో వడ్లు చెరుగుతా ఉన్నట్టు.

ఇంట్లో ముగ్గురం. మా అవ్వ, మా అమ్మ తమ్ముడు, నేను. తాత నేను పుట్టక ముందే పోయినాడు. మామకి ఇరవై రెండో ఇరవై మూడో, పెళ్ళి కాలేదు. ఇల్లు, గొడ్లు, బీడు అన్నీ ఆయన మీదనే. అవ్వకి ఆయన తప్ప ఇంకో మగదిక్కు లేదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. పేడ, ఉప్పు గాలి, ఎండిన సరుగుడాకు, కాగే నెయ్యి. అవ్వ నెయ్యి కాచినాక గిన్నె అడుగున మిగిలిన గసిలో సద్దన్నం వేసి, రాళ్ళుప్పు నలిపి, ముద్దలు చేసి చేతిలో పెట్టేది. మళ్ళీ అట్లాంటి ముద్ద నేను నా పిల్లలకి కూడా పెట్టలేకపోయినాను. చేప దొరికిన రోజు మామిడికాయేసి పులుసు. జింక దొరికిన వారం ఇంటి వెనక తాడు మీద ఉప్పుకండలు వేలాడేవి. కాకులు రాకుండా కట్టె పట్టుకుని కూర్చోవడం నా పని. కాకి తిన్నదానికంటే నేను పచ్చిగా చీల్చుకుని తిన్నదే ఎక్కువ.

ఇప్పుడు జింక మీద చెయ్యేస్తే జైలు. మంచి పని చేసినారు. అప్పుడు ఆ చట్టం లేదు, ఉన్నా మా అవ్వోళ్ళ తడిక దాకా రాలేదు.

ఆ బీడులో గొడ్లు, జింకలు కలిసి మేసేవి. మెలికల కొమ్ముల నల్ల పోతులు, మట్టి రంగు ఆడవి. ఆవు పక్కనే మేస్తా కూడా జింక ఆవు వైపు చూడదు. మనిషి తల దూరాన కనబడితే మాత్రం గాల్లో లేచి పోతాది. ఆ గుట్టు పట్టుకున్నదే మావాళ్ళ వేట. అవ్వోళ్ళకి ఒక ఎద్దు ఉండేది. పుల్ల రంగు, పెద్ద మూపురం, ఒక కొమ్ము విరిగింది. దాన్ని చాటెద్దు అనేవాళ్ళు. దుక్కికి కట్టరు, బండికి కట్టరు. మేస్తా మేస్తా మెల్లగా జింకల దగ్గరికి పోవడమే దాని పని. దాని చాటున, అవతల పక్క, నాటు తుపాకితో మామ.

మామకి ఆ నడక నేర్పింది బీడు కాపలా తాత. యానాదుల ముసలాయన. తెల్లారక ముందు మబ్బుండగానే వచ్చి పంచ కింద కూర్చుని చుట్ట కాలుస్తా ఉండేవాడు. అడవి సంగతి ఏదడిగినా చెప్తాడు.

"జింక కాళ్ళు లెక్కపెడతాది పాపా" అనేవాడు నాతో. "గడ్డి మేస్తా ఉంటాది గదా, దాని కన్ను ఉండేదే కింద. నాలుగు కాళ్ళుంటే గొడ్డు. ఆరున్నాయా, మనిషి."

"మరి మూడుంటే?"

"కుంటి గొడ్డు. నోరు మూసుకోని ముంజ తిను."

అందుకని ఎద్దు ముందరి కాలు పడేటప్పుడే మామ కాలు దాని చాటున పడాల. అది నిలబడితే నిలబడాల. ఈగ కుట్టినా చెయ్యెత్తకూడదు. నేను తడిక కాడ నిలబడి చూసేదాన్ని. ఇంటి దగ్గర ఎద్దూ మామా ఇద్దరూ కనబడేవాళ్ళు. ఇద్దరూ ఎండలో దూరం పొయ్యేకొద్దీ నేల ఆవిరి లేచి అన్నీ నీళ్ళలో మాదిరి ఊగేవి. కాలువ దాపుకి పొయ్యేసరికి ఎద్దు ఒకటే ఉండేది. లెక్కపెట్టేదాన్ని. నాలుగు కాళ్ళే. మామ అందులో ఎక్కడ ఉన్నాడో తెలిసేది కాదు.

తిరిగొచ్చినాక ఒక పద్ధతి ఉండేది. మామ నేరుగా లోపలికి రాకూడదు. ఎద్దుతో కూడా తడిక బయట నిలబడాల. అవ్వ లోపల నుంచి "ఎవరది?" అని అడగతాది. ఆయన పలకడు. రెండోసారి అడగతాది. పలకడు. మూడోసారి అడిగితే అప్పుడు "నేనమ్మా, నీ కొడుకుని" అంటాడు. అవ్వ తడిక తీసి, నాలుక మీద ఉప్పురాయి పెట్టి, కాళ్ళ మీద చెంబుడు నీళ్ళు పోసి లోపలికి రమ్మంటాది. అప్పటిదాకా చుక్క నీళ్ళు కూడా ఇయ్యరు.

"మూడుసార్లు ఎందుకవ్వా? వచ్చింది మామేనని తెలుసు గదా" అని ఒకసారి అడిగినాను.

"మొదటి రెండుసార్లు అడిగేది గొడ్డుని. మూడోసారి మనిషిని" అనింది అవ్వ చాటలో బియ్యం చూసుకుంటా. "ఎద్దు చాటున పోయినోడు మనిషితనాన్ని ఈడ తడిక కాడ వదిలిపెట్టి పోతాడు. వచ్చి తన నోటితో తానే అడిగి తీసుకోవాల. ఇంకేం అడగబాక. ఎండలోకి పోబాక."

ఇంక నా పాడు విద్య సంగతి చెప్పాల. నాకు ఎవరి గొంతైనా రెండుసార్లు వింటే వచ్చేసేది. అవ్వ గొంతు మొదటి వారంలోనే పట్టినాను. ఒకరోజు మామ వంటింట్లో ఉట్టి మీది కుండలో చెయ్యి పెట్టి మీగడ తీసుకుంటా ఉండాడు. నేను గోడ పక్క నుంచి, "ఎవడ్రా అది, ఉట్టి మీద చెయ్యి?" అన్నాను. కుండ ఆయన నెత్తి మీద పడింది. పెరుగు కారతా బయటికొచ్చి చూస్తే అవ్వ దూరాన బావి కాడ నీళ్ళు తోడుతా ఉంది. నేను గోడ పక్కన. చంపేస్తాడనుకున్నాను. ఆయన అట్లే కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వినాడు. అవ్వ వచ్చి తిడితే పిల్లి మీద పెట్టేసినాడు.

అప్పటి నుంచి పొద్దు గూకితే పంచలో ఇదే ఆట. "ఏమే మేనకోడలా, ఈరోజు కాపలా తాతని దింపు." దింపేదాన్ని. తాత కూడా చుట్ట నోట్లో పెట్టుకునే నవ్వేవాడు, ఆయనదేనని తెలీక. మామ మాత్రం అనేవాడు, "అందరిదీ పడతావు గానీ నా గొంతు నీ చేత కాదు. మొగోడి గొంతు." నేను రోషంతో దూడల కాడికి పోయి, దూడల చెవుల్లో మామ గొంతుతో మాట్లాడి మాట్లాడి సాధన చేసినాను. ఒకరోజు ఒక దూడ గబుక్కున తలెత్తి నా వెనక చూసింది, మామ ఎక్కడున్నాడో అని. వచ్చేసిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత రెండు రోజులకి అవ్వ ఊర్లో ఎవరిదో పెద్దకర్మకి పోయింది. మామ తెల్లార్తోనే ఎద్దుతో బీడులోకి పోయినాడు. అవ్వ బండెక్కతా నాకు చెప్పింది. "నేను రాకముందు మామ వస్తే నువ్వే అడుగు. మూడుసార్లు. ఆయన పలికినాకనే తడిక తియ్. ఉప్పు దీపం గూట్లో ఉండాది."

మిట్టమధ్యాహ్నం. కోళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని గోడ నీడన పడున్నాయి. తుపాకి మోత వినబడలేదు. తడిక కాడ ఎద్దు డెక్కల చప్పుడయింది. మట్టల సందులో నుంచి మామ పంచె కనబడింది. నేను తడిక పక్కన నక్కి, అవ్వ గొంతుతో "ఎవరది?" అన్నాను. చప్పుడు లేదు. నవ్వు ఆపుకుంటా ఉండాడనుకున్నాను. రెండోసారి అన్నాను. లేదు. మూడోసారి అడిగి, ఆయన నోరు తెరవక ముందే, నేనే మామ గొంతుతో అన్నాను.

"నేనమ్మా, నీ కొడుకుని."

అచ్చంగా వచ్చింది. ఎంత అచ్చంగా అంటే నా నోట్లో నుంచి వచ్చినట్టు లేదు. నాకే వీపు మీద నీళ్ళు పోసినట్టయింది. అయినా గెలిచినానని ఎగురుకుంటా తడిక తీసినాను.

మామ లోపలికి వచ్చినాడు. నా వైపు చూడలేదు. నవ్వలేదు. ఉప్పు పెట్టాలని, కాళ్ళ మీద నీళ్ళు పొయ్యాలని నాకు గుర్తులేదు. ఆయన నా పక్కనే నడిచి పోయి పంచలో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చెంబుతో నీళ్ళిచ్చినాను. ఊపిరి తిప్పుకోకుండా తాగినాడు, ఇంకో చెంబు తెచ్చినా అట్లే తాగినాడు. "మామా, నీ గొంతు పట్టినాను చూసినావా" అన్నాను. పలకలేదు.

ఎద్దు లోపలికి రాలేదు. తడిక బయటనే నిలబడిపోయింది.

సాయంత్రం అవ్వ వచ్చి, "అడిగినావా?" అనింది.

"అడిగినా."

"పలికినాడా?"

"పలికినాడు" అన్నాను. మాట వినబడింది నిజమే గదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మరుసటి రోజు కూడా మామ మాట్లాడలేదు. ఆ మరుసటి రోజూ లేదు. కంచం పెడితే తింటాడు, ఏం పెట్టినా తింటాడు. పులుసన్నం, గంజన్నం రెండూ ఆయనకి ఒకటే. మెల్లగా, చాలాసేపు నమలతాడు. పిలిస్తే తల తిప్పడు. మూడోరోజు ఊర్లో నుంచి సైకిలు మీద డాక్టరు వచ్చి వడదెబ్బ అన్నాడు. సూదేసి, చల్లటి మజ్జిగ తాపమన్నాడు. అవ్వ బిందెల కొద్దీ తాపింది. రాత్రీ పగలూ ఆయన పక్కనే కూర్చుని "నాయనా, ఒక్క మాటరా. తిట్టైనా తిట్రా" అని అడుక్కునేది. మా అవ్వ ఒకరిని అడుక్కోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఒక మధ్యాహ్నం నేను ఆయనకి విసనకర్రతో విసరతా ఉన్నాను. ఆయన భుజం మీద పెద్ద ఈగ ఒకటి వాలింది. తోలతాడని చూసినాను. చెయ్యెత్తలేదు. ఈగ వాలిన చోట, ఆ ఒక్క చోటే, చర్మం గబగబా అదిరింది. ఈగ లేచిపోయింది. నేను విసనకర్ర ఆడనే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తినాను.

ఇంకోటి కూడా చూసినాను. ఇంటి కుక్క ఉండేది, మామ అంటే ప్రాణం పెట్టేది. అది పంచలో మామ దగ్గరికి పోవడమే మానేసింది. పొద్దున లేస్తే తడిక కాడ కూర్చుని, మట్టల సందులో మూతి పెట్టి తోక ఊపతా ఉంటాది. నేను పోయి చూస్తే బయట ఎద్దు తప్ప ఎవరూ లేరు. ఎద్దు ముందర గడ్డి వేసినది వేసినట్టే ఉంది. ఇంటి వైపు మొహం పెట్టి నిలబడి ఉంది.

అయిదో రోజు కాపలా తాత పంచ కిందకి వచ్చి, మామని చాలాసేపు చూసి, అవ్వతో చిన్నగా అన్నాడు. "అమ్మా, ఇది వడదెబ్బ కాదు. ఎద్దు చాటున పోయినోడు వారం దాటినా మనిషిలోకి రాకపోతే ఇంక రాడు. ఆ రోజు వచ్చినప్పుడు సరిగ్గా పలికినాడా?"

"పలికినాడంట. పిల్ల చెప్పింది" అనింది అవ్వ. తాత నా వైపు చూసినాడు. నేను దూడకి గడ్డి వేసేదానికని లేచి పోయినాను.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. తెల్లారి అవ్వ మజ్జిగ చిలుకుతా ఉంటే పక్కన పోయి నిలబడినాను. "అవ్వా, మామ పలకలేదు. నేనే పలికినా. ఆయన గొంతుతో" అన్నాను.

కవ్వం ఆగిపోయింది. అవ్వ కొడతాదనుకున్నాను. కొడితే బాగుండు. తాడు వదిలి నన్ను దగ్గరికి లాక్కుంది. "ఏదీ, ఎట్లా అన్నావో అను" అనింది.

నేను నోరు తెరవబోతే వెంటనే చేత్తో నా నోరు మూసేసింది. "వద్దు. వద్దు తల్లీ. అనబాక" అనింది. ఆ చెయ్యి వెన్న వాసన.

తాతని పిలిపించింది. ఆయన అంతా విని, నన్ను తిట్టలేదు. "మాట తీసుకున్న నోరే ఎద్దు చాటున పోయి రావాలమ్మా. వేరే దారి లేదు" అన్నాడు.

"తొమ్మిదేండ్ల పిల్లయ్యా. ఆడపిల్ల. దాని తల్లికి నేనేం చెప్పాల?" అనింది అవ్వ.

"నీ కొడుక్కి ఏం చెప్తావు మరి?"

అవ్వ లోపలికి పోయి ఉప్పురాయి తెచ్చుకుని కొంగున కట్టుకుంది.

తాత నా ఒంటికి పేడనీళ్ళు పూసినాడు. ఎద్దు దగ్గరికి తీసుకుపోయి, దాని అవతల పక్క నిలబెట్టి, నా చెయ్యి దాని డొక్క మీద పెట్టినాడు. "నువ్వు దాన్ని నడిపించబాక. అది నడిస్తే నడువు. దాని కాలు పడినప్పుడే నీ కాలు. నోరు మాత్రం తెరవబాక పాపా. ఎవరి గొంతూ రాకూడదు, నీ గొంతు కూడా" అన్నాడు.

ఆరు రోజులుగా మేత ముట్టని ఎద్దు, నేను డొక్క మీద చెయ్యి వేయంగానే కదిలింది.

పెద్దోళ్ళు ఎద్దు చాటున పోతే వాళ్ళకి దాని వీపు కనబడతాది. నేను పొట్టిదాన్ని. నా కంటి ముందర దాని పొట్ట, పొట్ట కింద నుంచి అవతలి పక్క గరిక. మొదట్లో దాని కాలూ నా కాలూ కలవలేదు. కాసేపటికి కలిసినాయి. ఆ తర్వాత నా కాళ్ళు నేను వేస్తా ఉన్నానా, వాటంతట అవి పడతా ఉన్నాయా తెలీలేదు. ఎండ మాడు మీద ఉంది. నీడ లేదు. సముద్రం హోరు కూడా తగ్గిపోయి, ఎద్దు ఊపిరి ఒకటే వినబడతా ఉంది. నేను మామ గొంతు తల్చుకోకుండా ఉండాలని చూసినాను. తల్చుకోకూడదంటే అదే వస్తాది గొంతులోకి.

తాటిచెట్లు దాటినాక జింకలు కనబడినాయి. పది పన్నెండు ఉంటాయి. ఎద్దు వాటి మధ్యలోకే పోయింది. ఒక్కటీ పోలేదు. ఒక ఆడజింక చెయ్యి చాస్తే అందేంత దగ్గర మేస్తా ఉంది. దాని పళ్ళు గరిక కొరికే చప్పుడు వినబడింది. అది తల ఎత్తకుండానే ఎద్దు అవతలి పక్క కిందికి చూసి, మళ్ళీ మేసింది. అది చూసినవైపు నేనూ చూసినాను, పొట్ట కింద నుంచి.

అవతలి పక్క రెండు కాళ్ళు నడుస్తా ఉన్నాయి.

మనిషి కాళ్ళు. ఎద్దు కాలు పడినప్పుడు పడతా, లేచినప్పుడు లేస్తా. దుమ్ము కొట్టుకుని, పగిలిపోయి ఉన్నాయి. ఎడమ కాలి చిటికెన వేలు పక్కకి తిరిగి ఉంది. మామది చిన్నప్పుడు బండి చక్రం కింద పడి నలిగిన వేలు. ఆ వేలు నేను ఎన్నోసార్లు లాగి ఆడుకున్నదే. మామ ఇంట్లో పంచలో కూర్చుని ఉండాడు, ఇప్పుడే చూసి వచ్చినాను. అరుపు గొంతు దాకా వచ్చింది. నాలుక కొరుక్కున్నాను, రక్తం ఉప్పగా తగిలింది. ఆరు కాళ్ళున్నాయి గదా, జింకలు ఎందుకు పోలేదు అని అప్పుడు కూడా నా పిచ్చి బుర్రకి తోచింది. వాటి లెక్కలోకి ఆ కాళ్ళు రాలేదు.

కాలువ గట్టు కాడ ఎద్దు తనంతట తానే ఇంటి వైపు తిరిగింది. దారి పొడుగునా నేను ఆ కాళ్ళనే చూస్తా నడిచినాను. భయం పోలేదు గానీ, అవి ఎక్కడ ఆగిపోతాయో అని ఇంకో భయం పట్టుకుంది. ఒకచోట పల్లేరు ముళ్ళుంటే అవి కొంచెం తడబడినాయి. ఎద్దు నిలబడింది. నేనూ నిలబడినాను. మళ్ళీ అందరం కదిలినాము.

తడిక కాడికి వచ్చినాము. లోపల నుంచి అవ్వ గొంతు.

"ఎవరది?"

నేను నోరు బిగబట్టినాను.

"ఎవరది?"

ఎద్దు ముక్కు చీదింది.

మూడోసారి అవ్వ వెంటనే అడగలేదు. ఆమె ఊపిరి తీసుకోవడం మట్టల సందులో నుంచి వినబడింది. "ఎవరదీ?" అనింది. గొంతు చీలిపోయింది.

"నేనమ్మా, నీ కొడుకుని."

తడిక తెరుచుకుంది. అవ్వ నన్ను చూసి, ఎద్దుని చూసి, వెనక్కి తిరిగింది. పంచలో నుంచి మామ లేచి వస్తా ఉండాడు, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఏందమ్మా ఇది, పిల్లకి ఒళ్ళంతా పేడ పూసినారు?" అన్నాడు. అవ్వ కొంగు ముడి విప్పను చేతకాక పళ్ళతో లాగి, ఉప్పురాయి ఆయన నోట్లో కుక్కింది. కాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆ కాళ్ళు పట్టుకునే కూర్చుండిపోయింది. "ఆకలమ్మా" అన్నాడు మామ.

ఆ మాట పంచలో నుంచి వచ్చిందని అవ్వ చివరిదాకా చెప్పేది. నేను ఎద్దుకి ఈ పక్క ఉన్నాను. మాట ఆ పక్క నుంచి వచ్చింది. వంగి పొట్ట కింద నుంచి చూసినాను. గరిక ఒకటే ఉంది. కాపలా తాత మాత్రం అటు పక్కకి పోయి, నేలని చూసి, కాలితో ఇసక చెరిపేసి, చుట్ట ముట్టించుకున్నాడు.

ఆ తర్వాత మామ మళ్ళీ ఎద్దు చాటున పోలేదు. తుపాకి ఎవరికో ఇచ్చేసినాడు. పెళ్ళి చేసుకున్నాడు, నలుగురు పిల్లలు. అవ్వ పోయినాక గొడ్లు తగ్గినాయి, పిల్లలు ఎవరి దారిన వాళ్ళు పోయినారు, బీడు చేతులు మారింది. నేను ఎవరి గొంతూ దింపడం మానేసినాను. ఎవరైనా సరదాకి అడిగినా రాదని చెప్పేదాన్ని.

మూడేండ్ల కింద మామకి జబ్బు చేసి, ముత్తుకూరులో కూతురింట్లో ఉంటే చూసొచ్చేదానికి పోయినాను. మంచానికి అతుక్కుపోయి ఉండాడు. బుద్ధి మాత్రం తేటగా ఉంది. నన్ను చూసి "వచ్చినావా మేనకోడలా, ఎవరి గొంతుతో వచ్చినావు" అన్నాడు. అరవై ఏండ్లుగా ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు. ఇంట్లో ఎవరూ లేరు. గిన్నెలో గంజి కలిపి స్పూనుతో పోస్తా, అడిగేసినాను.

"మామా, ఆ ఆరు రోజులు ఎందుకు మాట్లాడలేదు?"

"మాట్లాడకపోవడమేంది" అన్నాడు. "గొంతు పోయేటట్టు పిలిచినా. తడిక కాడ నిలబడి. మీకే వినబడలేదు."

నేను స్పూను ఆపినాను.

"ఎండలో అట్లే నిలబడి ఉంటి. అమ్మ వచ్చి అడగతాదని. కుక్క వచ్చి చూసేది, అదొక్కటే. లోపల పులుసు కాగుతా ఉంటే వాసన వచ్చేది. ఆకలికి కడుపు మెలిపెట్టేది. మట్టల సందులో నుంచి చూస్తే మీరు ఎవరికో అన్నం పెడతా ఉంటిరి. నా కంచంలో. వాడు గోడ వైపు తిరిగి తింటా ఉండె. అమ్మ వాడి వీపు నిమరతా ఉండె."

"ఎవరు మామా?"

"నాకేం తెలుసు. ఒక్కసారైనా ఇటు తిరగలేదు. మొదట్లో కోపమొచ్చింది. తర్వాత తర్వాత జాలేసింది. ఎంత ఆకలి మీద ఉన్నాడో, ఏం పెడితే అది తింటా ఉండె." కొంచెం సేపు ఆయాసపడి, మళ్ళీ అన్నాడు. "నువ్వు ఎద్దుని తోలుకోని వస్తివి, నీ ఎమ్మట నేను లోపలికి వస్తిని. మంచిదే. మరి వాడు యాడికి పోయినాడే?"

ఆయన నా వైపే చూస్తా ఉన్నాడు, నాకు తెలుసుంటాదన్నట్టు. మిగిలిన గంజి తాగమన్నాను, వద్దన్నాడు. నాలుగు రోజులకి పోయినాడు.

అంతకాలం మామని నేనే వెనక్కి తెచ్చినానని లోలోపల మురిసిపోతా ఉంటిని. చేసిన తప్పు నేనే దిద్దుకున్నానని. ఇంకొకణ్ణి అన్నం ముందర నుంచి లేపి, ఆ మిట్టమధ్యాహ్నం ఎండలోకి పంపించినానని ఆ రోజు దాకా నాకు తోచలేదు.